అరగంట దిద్దినవాడి పేరు

ఎనిమిదేళ్లుగా ఒక పేరు నన్ను పట్టి పీడిస్తోంది. నా పేరే. ఉండకూడని చోట ఉంది. అక్కడ పెట్టింది నేనే. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీతో అంటున్నాను.

మాది ఉద్దానంలో జీడితోటల ఊరు. నా స్నేహితుడిది మా ఊరికి దిగువన, సముద్రం ఒడ్డునున్న పల్లె. వాళ్లది వేట మీద బతికే ఇల్లు. ఇద్దరం టెక్కలిలో డిగ్రీ చదివాం. పలాస నెట్ సెంటర్లో ఒకే కుర్చీ మీద చెరిసగం కూర్చుని కోడ్ రాయడం నేర్చుకున్నాం. వాడి పేరు రాయడానికి ఇంకా చెయ్యి రావడం లేదు. రాస్తాను.

సముద్రం ఏ వేళకు పోటెత్తుతుందో లెక్కగట్టే కోడ్ ఒకటి మాకు నెట్‌లో దొరికింది. ఏవేవో దేశాలవాళ్లు కలిసి రాసి, ఎవరైనా వాడుకోండని ఊరికే ఇచ్చిన కోడ్ అది. తప్పు కనబడితే మనమూ దిద్ది పంపొచ్చు. నచ్చితే కలుపుకుంటారు, దిద్దినవాడి పేరు ఒక ఫైల్లో రాస్తారు. వాడు మా తీరానికి పోటు వేళలు ప్రింటు తీసి, సంబరంగా వాళ్ల నాన్నకు చదివి వినిపించాడు. ఆయన వల బాగుచేసుకుంటూనే నవ్వాడట. "సముద్రం నీ కాయితం మాట ఇంతాదేటిరా? అరగంట తేడా ఉంది, సూసుకో."

నేనైతే ఆ మాట అక్కడే వదిలేసేవాణ్ని. వాడు వదల్లేదు. ఏరు సముద్రంలో కలిసే చోట ఒక వెదురు గడ పాతి, దానికి కత్తితో గాట్లు పెట్టి, రెండు నెలలు నీళ్లు ఏ గాటుకు ఎప్పుడొచ్చాయో నోటుబుక్కులో రాసుకున్నాడు. ప్రతిసారీ అరగంటే తేడా. తర్వాత కోడంతా వెతికి పట్టుకున్నాడు. లండన్ కన్నా మన గడియారం ఐదున్నర గంటలు ముందుంటుంది కదా, ఆ కోడ్ ఐదు గంటలే కలిపి, పై అరగంటను వదిలేస్తోంది. వాడు దిద్దింది నాలుగంటే నాలుగు వరుసలు.

ఇంగ్లీషులో రాయడమంటే వాడికి బెదురు. మెయిల్ ఉన్నది నాకు. ఫ్లాపీని పాలిథిన్ కవర్లో చుట్టి తెచ్చి నా చేతికిచ్చి, నాన్నతో వేటకు వెళ్లిపోయాడు. పంపాను. నాలుగు రోజులకు జవాబొచ్చింది. చాలా బాగుంది, కలుపుకున్నాం, ఈ మార్పు ఎవరిది, ఎవరి పేరు రాయమంటారు అని.

నా వెనక ఎవరూ లేరు. తొందరపెట్టినవాళ్లూ లేరు. నా పేరు టైపు చేశాను. ఎందుకు? తర్వాత మార్పిద్దామనుకున్నానా? పంపింది నేనే కదా అనుకున్నానా? ఇన్నేళ్లలో ఇలాంటి సాకులు చాలా అల్లుకున్నాను, ఒక్కటీ నిలవలేదు. అసలు సంగతి ఇది. వాడు నాకంటే తెలివైనవాడని ఆ రోజు నాకు రుజువైంది. ఓర్చుకోలేకపోయాను.

నా పేరున్న ఆ ఫైలు పేజీ చూపించే విశాఖపట్నంలో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం తెచ్చుకున్నాను. పేజీ చూపించిన సంగతి వాడికి చెప్పలేదు. వాడూ ఉద్యోగం అడగడానికి అక్కడికే వెళ్లాడు, నెల తిరక్కుండా. ఒక సెలవుకి ఇంటికొస్తే పలాస స్టేషన్లో కనబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో సర్టిఫికెట్ల కవరు.

"బావా, ఆళ్లు ఆ పేజీ తీసి సూపించినారు. అందల నీ పేరుంది. నానే సేసినానంటే అబద్దమని నవ్వినారు. ఏటిది?"

"ఆళ్లే పొరపాటున ఏసేసుంటారు రా. నాను రాసి మార్పిత్తాను."

వాడి మొహం తేటపడింది. "నానూ అదే అనుకున్నాను. నీకేటవసరం బావా అలగ సెయ్యడానికి? నువ్వు సూసుకో."

తిట్టినా బాగుండేది. నమ్మాడు.

ఆ ఏడాదే వాళ్ల నాన్నతో గుజరాత్ వేట బోట్ల మీదికి కూలికి వెళ్లిపోయాడు. ఇప్పటికీ అక్కడే, ఏడాదిలో ఎనిమిది నెలలు. వాడు ఊరొచ్చినప్పుడు నేను అటు వెళ్లను. ఆ కోడ్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మాత్రం ఆ ఫైలు తెరుస్తాను. చుట్టూ పేర్లు పెరుగుతుంటాయి, నాది కదలదు. ఎవరెవరి కంప్యూటర్లలోనో, ఏయే దేశాల్లోనో నా దొంగతనానికి నకళ్లు పడుతూ ఉన్నాయి. ఆఫీసులో ఎవరైనా నా పేరు పెట్టి పిలిస్తే ఒక్కోసారి ఉలిక్కిపడతాను.

ఇవాళ ఉదయం ఆ కోడ్ రాసేవాళ్లకు నిజం రాసి పంపాను. వాళ్లు పేరు మారుస్తారేమో. వాడి ఎనిమిదేళ్లను ఎవరు మారుస్తారు? వాడి ఎదుట నిలబడి ఈ మాట చెప్పగలనా? తెలియదు. వాడు క్షమిస్తాడేమోనన్నదే నాకు ఎక్కువ భయం.

కానీ ఆ రోజు వాళ్లడిగిన ప్రశ్నకు సరైన జవాబు ఒకటుంది. అది రాశాక ఊపిరి కాస్త ఆడింది. మీకూ రాస్తున్నాను.

ఆ నాలుగు వరుసలు దిద్దింది లోకనాథం.