జూమ్‌లో కనిపించిన లింగయ్య

2021 చివరి నెలలు. కరోనా తగ్గి, ఆగిపోయిన ఫంక్షన్లన్నీ మళ్లీ మొదలైన రోజులు. ఇబ్రహీంపట్నంలో నాది చిన్న స్టూడియో. ముందు గదిలో కెమెరాలు, మెమరీ కార్డులు, బ్యాటరీలు అమ్ముతాను. వెనక గదిలో పాస్‌పోర్టు ఫొటోలు తీస్తాను. ఊళ్లో అందరూ ఖాజన్న అంటారు.

అప్పట్లో కొత్తగా కెమెరా కొనడానికి వచ్చేవాళ్లలో చాలామందిది ఒకటే సందేహం. దాదాపు ఒకే ధరలో రెండు రకాలు ఉండేవి. ఒకటి ఎంట్రీ లెవెల్ డీఎస్ఎల్ఆర్, అంటే పని నేర్చుకునేవాళ్లకు సరిపోయే మొదటి మెట్టు కెమెరా. దానికి లెన్స్ మార్చుకోవచ్చు. లోపల బొమ్మను పట్టే సెన్సర్ పెద్దది కాబట్టి వెలుతురు తక్కువున్న గదిలో కూడా ముఖాలు శుభ్రంగా వస్తాయి. రెండోది బ్రిడ్జ్ కెమెరా. లెన్స్ దానికే అతికి ఉంటుంది, మార్చడం కుదరదు. కానీ జూమ్ చేస్తే మూతి ముందుకు సాగి, ఎక్కడో దూరాన ఉన్నదాన్ని కళ్ల ముందుకు తెస్తుంది. సెన్సర్ మాత్రం చిన్నది. చీకటి గదిలో తీస్తే బొమ్మ నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు పడతాయి. మేం దాన్ని నాయిస్ అంటాం. ఏం తీస్తారో అడిగి, దాన్నిబట్టి ఏది కావాలో చెప్పి పంపేవాణ్ణి. సాధారణంగా అంతకు మించి ఆలోచించాల్సిన పని ఉండేది కాదు.

ఒక మధ్యాహ్నం దుకాణం ముందు ఆటో ఆగింది. డిగ్రీ అయిపోయిన వయసు అమ్మాయి దిగి లోపలికి వచ్చింది. పేరు మౌనిక. ఆటోలో వెనక సీటు మీద వాళ్ల నాన్న యాదయ్య కూర్చుని ఉన్నాడు. ఆయన దిగలేదు. దిగలేడు కూడా.

యాదయ్య చేపలు పట్టేవాడు. మా పెద్ద చెరువులోనూ, చుట్టుపక్కల కుంటల్లోనూ వల వేసేవాడు. చెరువు ఎండిపోయిన ఏళ్లలో పని లేక, బొంగులూరు దగ్గర కడుతున్న ఇళ్లకు కూలికి వెళ్లాడు. అక్కడ స్లాబుకు కట్టిన సెంట్రింగ్ చెక్కలు కూలిపోయి పైనుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది కానీ నడుము కింద స్పర్శ లేదు. తీరా ఆయన కుర్చీకి అతుక్కుపోయాక వానలు పడి, ఎన్నో ఏళ్ల తర్వాత చెరువు నిండింది.

పరిహారంగా వచ్చిన దాంట్లో వైద్యానికి పోగా మిగిలినదాంతో కూతురికి కెమెరా కొనివ్వాలని ఆయనే పట్టుబట్టి తీసుకొచ్చాడు. ఏం తీస్తావమ్మా అని అడిగితే మౌనిక తడుముకోకుండా చెప్పింది.

"ఆడోళ్ల ఫంక్షన్లు తియ్యాలని ఉందన్నా. మా గల్లీల మీవోళ్ల ఇండ్లళ్ల మగ ఫొటోగ్రాఫర్లను లోపలికి రానియ్యరు. నేను ఫోన్‌ల తీసిస్తే మంచిగనిపించి, కెమెరా కొనుక్కో, నిన్నే పిలుస్తమంటున్నరు."

మా ముస్లింల ఇళ్లలో సంగతి నాకు తెలిసిందే. మెహందీ రోజున ఆడవాళ్లంతా చేరే గదిలోకి నేనే వెళ్లలేను. ఆ పని చేసే ఆడపిల్ల ఈ చుట్టుపక్కల లేదు. లోపలి గదులు, ట్యూబ్‌లైట్ వెలుతురు, దగ్గర దగ్గరగా మనుషులు. ఆలోచించాల్సిందే లేదు, డీఎస్ఎల్ఆర్ తీసుకోమన్నాను.

ఎంతైనా కొనిపెడుతున్నది తండ్రి కదా, ఆయనా చూడాలని రెండు కెమెరాలూ ఆటో దగ్గరికి తీసుకెళ్లాను. యాదయ్య డీఎస్ఎల్ఆర్‌ను మర్యాదకు ఒకసారి చేతిలోకి తీసుకుని ఇచ్చేశాడు. బ్రిడ్జ్ కెమెరాను కంటికి ఆనించుకున్నాక మాత్రం దించలేదు. జూమ్ ఎలా చేయాలో చూపించాను. రోడ్డు చివర మలుపు తిరుగుతున్న బస్సు మీదికి తిప్పి, దాని బోర్డు చదివాడు. డ్రైవర్ మీసాలు కూడా కనిపిస్తున్నాయని చెప్పి నవ్వాడు. ఆ నవ్వు విని మౌనిక దుకాణం గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

కాసేపటికి ఆయన కెమెరా దించి నన్ను అడిగాడు.

"చెరువు నడుమ తెప్పల ఉన్న మనిషి ఎవరో తెలుస్తదా అన్నా దీంట్ల?"

పొద్దుటి వెలుతురులో బాగా తెలుస్తుందన్నాను. వాళ్ల ఇల్లు కట్టకు దగ్గర్లో కాస్త ఎత్తు మీద ఉందట. వాకిట్లో కుర్చీ వేస్తే చెరువు కనబడుతుంది కానీ తెప్పలన్నీ నల్లటి చుక్కల్లా ఉంటాయట. ఎవరి తెప్ప ఎటు పోతోందో, ఎవరి వల ఎక్కడ పడిందో తెలియడం లేదని చెప్పాడు. అంతలోనే తనకెందుకీ మాటలన్నట్టు కెమెరా నా చేతిలో పెట్టేసి, బిడ్డకు ఏది కావాలంటే అదే ఇవ్వమన్నాడు.

నేను లోపలికి వచ్చేసరికి మౌనిక మనసు మారిపోయింది. బ్రిడ్జ్ కెమెరాయే కావాలంది. దాంతోనే ఫంక్షన్లు కూడా తీసుకుంటానంది. వద్దని చెబితే వినేలా లేదు. వెనక గదిలోకి తీసుకెళ్లి, ఒక్క ట్యూబ్‌లైట్ మాత్రం ఉంచి, రెండు కెమెరాలతోనూ ఆమె ముఖం తీసి కంప్యూటర్‌లో పక్కపక్కన పెట్టాను. తేడా చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. ఒకదాంట్లో కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా ఉన్నాయి. రెండోదాంట్లో బుగ్గల మీద అంతా చుక్కలే.

"గిసోంటిది ఆల్బమ్‌ల పెడితే మళ్ల పిలువరు బిడ్డా" అన్నాను.

ఆమె రెండు ఫొటోలనూ చాలాసేపు చూసింది.

"పిలువకుంటే పిలువకపాయె. బాపు నవ్వంగ చూసి ఎన్నొద్దులాయెనో" అంది.

దుకాణదారుగా నాకు ఏది అమ్మినా ఒకటే. కానీ ఆ రోజు ఏదీ అమ్మబుద్ధి కాలేదు. ఏది ఇచ్చినా ఇద్దరిలో ఒకరికి అన్యాయం చేసినట్టే ఉంది. ఆ పిల్ల చెప్పింది తప్పని ఎలా అనను? రెండూ కొనే స్తోమత వాళ్లకు లేదు. బైనాక్యులర్స్ గురించి కూడా ఆలోచించాను కానీ నా దగ్గర లేవు. నగరం నుంచి తెప్పించాలి.

ఒక ఉద్యోగి కొత్త కెమెరా కొంటూ బదులుగా ఇచ్చి వెళ్లిన పాత బ్రిడ్జ్ కెమెరా ఒకటి అరలో ఉంది. బ్యాటరీ చార్జ్ చేసి దాన్ని ఆటోలో యాదయ్య ఒళ్లో పెట్టాను. వారం రోజులు వాడి చూడమని, ఏది కొనాలో ఆ తర్వాత మాట్లాడుకుందామని చెప్పాను. ఆయన మొహమాటపడ్డాడు. మౌనిక నా వైపు కృతజ్ఞతగా చూసింది. నిజానికి నేను చేసింది నిర్ణయాన్ని వాయిదా వేయడమే.

వారం దాటాక మళ్లీ అదే ఆటో వచ్చింది. ఈసారి ముందు దిగినవాడు నాకు తెలియని మనిషి. సన్నగా, నల్లగా, యాదయ్య వయసువాడే. యాదయ్యను రెండు చేతుల మీద పసిపిల్లాడిలా ఎత్తుకుని లోపలికి తెచ్చి, ఫొటోలు దిగే స్టూల్ పక్కనున్న కుర్చీలో కూర్చోబెట్టాడు. మౌనిక వెనకే కెమెరా పట్టుకుని వచ్చింది. ఆయన పేరు లింగయ్య అనీ, బాపూ ఆయనా చిన్నప్పటి నుంచి ఒకే తెప్పలో వల లాగినవాళ్లనీ చెప్పింది.

జరిగింది యాదయ్యే చెప్పాడు. మొదటి రెండు రోజులు సంబరంగా గడిచాయట. కొంగలను, తెప్పలను, కట్ట మీద వలలు ఆరేసేవాళ్లను చూస్తూ పొద్దుపుచ్చాడట. మూడో రోజు పొద్దున ఒక తెప్ప మీద జూమ్ చేస్తే అందులో లింగయ్య కనిపించాడు. ఒక్కడే ఉన్నాడు. ఇద్దరు లాగాల్సిన వలను ఒక్కడే లాగుతున్నాడు.

ప్రమాదం జరిగిన కొత్తలో లింగయ్య దవాఖానకు వచ్చి వెళ్లాడు. ఆ తర్వాత ఇంటి గడప తొక్కలేదు. పనికిరాని మనిషితో వాడికేం పని అని యాదయ్య మనసులో కష్టపెట్టుకుని, ఇంట్లో ఆ పేరు ఎత్తనిచ్చేవాడు కాదు. ఇప్పుడు చూస్తే వాడు ఇంకొక జోడీని కూడా పెట్టుకోలేదు.

ఈ మాట చెబుతూ యాదయ్య లింగయ్య వైపు చూశాడు. లింగయ్య తల వంచుకుని నేల చూస్తున్నాడు.

"ఒడ్డుకొచ్చి తెప్ప కట్టేసినంక నా దిక్కు తిరిగి నిలవడ్డడన్నా. గంత దూరంకెల్లి నేను వానికి కనవడ. అయినా మా ఇల్లు దిక్కే చూస్తుండు. ఇగ నడుస్తడు, ఇగ నడుస్తడనుకున్న. నడుస్తలేడు. తెల్లారి గూడ గంతే."

వరసగా మూడో పొద్దు కూడా లింగయ్య అలాగే నిలబడేసరికి యాదయ్య మౌనికను కేకేసి, పరుగెత్తి వాణ్ణి పిలుచుకు రమ్మన్నాడు.

లింగయ్య వచ్చి వాకిట్లో దూరంగా కూర్చున్నాడట. యాదయ్యే, ఎందుకు రాలేదురా అని అడిగాడు. ఆ జవాబు లింగయ్య నా దుకాణంలో మళ్లీ చెప్పాడు, నా వైపు చూడకుండానే.

"బొంగులూరు పనికి తోలుకపోయింది నేనే. వద్దన్నోన్ని గుంజుకపోయిన. ఏ మొఖం పెట్టుకొని రావాలె."

దానికి యాదయ్య ఏమన్నాడో వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు. మౌనిక కళ్లు తుడుచుకుని, కెమెరా తీసి నా బల్ల మీద పెట్టింది. ఆ మర్నాటి నుంచే లింగయ్య పొద్దున్నే వచ్చి యాదయ్యను కట్ట మీదికి తీసుకెళ్తున్నాడట. చిరిగిన వలలు బాగుచేసే పని యాదయ్య చేతులకు ముందునుంచీ బాగా వచ్చు. కూర్చుని చేయగలిగిన పనే.

ఆ పాత కెమెరా కావాలంటే ఉంచుకోమన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"వద్దన్నా. అది ఉంటే ఇంటికాడనే కూసోబుద్ధయితది."

ఆ రోజు మౌనిక డీఎస్ఎల్ఆర్ తీసుకుంది. మొదటి పని మా బంధువుల ఇంట్లోనే ఇప్పించాను. ఫొటోలు అక్కడక్కడ వంకరగా వచ్చాయి, కొన్ని షేక్ అయ్యాయి, అయినా ఆ ఇంటి ఆడవాళ్లకు తెగ నచ్చాయి. గోడకు ఒదిగి నిలబడే పెద్దవాళ్లను కూడా పేరుపేరునా పిలిచి తీసిందని చెప్పుకున్నారు. ఇప్పుడు మీర్‌పేట్ దాకా పిలుస్తున్నారు. పాత బ్రిడ్జ్ కెమెరాను, చెరువు మీద వాలే పక్షులను తీసే సరదా ఉన్న ఒకాయన కొనుక్కున్నాడు. ఆయనకు అదే సరైన కెమెరా.

ఎవరికి ఏ కెమెరా సరిపోతుందో చెప్పడం నా వృత్తి. ఆ సలహాలో నేను ఇప్పటికీ తడబడను. కానీ యాదయ్య అడిగింది కెమెరా గురించి కాదని, తెప్పలోని మనిషి గురించని ఆ రోజు నాకు తెలియలేదు. ఆయనకూ తెలియదు. ఇప్పుడు కొనేవాళ్లతో పాటు ఎవరైనా వస్తే, వాళ్ల చేతిలోనూ ఒకసారి కెమెరా పెడతాను. దాన్ని ఎటు తిప్పుతారో చూస్తూ, తొందరపెట్టకుండా నిలబడతాను.