ఓదార్చే ఇంగ్లీషు

2023 జూన్. రోహిణి కార్తె దాటిపోయినా నెల్లూరులో ఎండ మాత్రం దాటలేదు. మద్రాసు బస్టాండుకు దగ్గరలో ఒక మందుల షాపు పైన రెండు గదులు అద్దెకు తీసుకుని నేను ఇంగ్లీషు చెబుతాను. "హౌ ఆర్ యూ, ఐయామ్ ఫైన్" స్థాయి కాదు. అది దాటి వచ్చినవాళ్ళకు అడ్వాన్స్‌డ్ వొకాబులరీ, అంటే పై స్థాయి పదసంపద. విదేశాలకు వెళ్ళాలనుకునే నర్సులు, బ్యాంకు పరీక్షలు రాసేవాళ్ళు, ముత్తుకూరు వైపు రేవు ఆఫీసుల్లో మెయిల్స్ రాయలేక అవస్థపడే గుమస్తాలు నా దగ్గరికి వస్తుంటారు.

మా వృత్తిలో పాసివ్ వొకాబులరీ, యాక్టివ్ వొకాబులరీ అని రెండు మాటలున్నాయి. చదివితే అర్థమయ్యే పదాలు మొదటి రకం. అవసరానికి నోటికి వచ్చే పదాలు రెండో రకం. మొదటి గదిలో ఉన్నదాన్ని రెండో గదిలోకి మోయడమే నా పని. దానికి నా పద్ధతి ఒకటుంది. కొత్త పదం చెప్పగానే "ఈ మాట నువ్వు ఎవరితో అంటావు?" అని అడుగుతాను. అత్తతోనా, ఆఫీసరుతోనా, ఆటో అతనితోనా? మనిషి కనబడితేనే మాట నిలుస్తుంది. మనిషి లేని మాట పరీక్ష దాకా ఉండి, ఆ మర్నాడే వెళ్ళిపోతుంది.

నా స్వభావం గురించి కూడా ఒక మాట చెప్పాలి. నాకు అనుమానం పుట్టుకతో వచ్చింది. కూరగాయలవాడు కొసరు ఎక్కువేస్తే సంతోషించను, తక్కెడ వంక చూస్తాను. "నువ్వు పోలీసు కావలసినదానివి, దారి తప్పి పంతులమ్మవైనావు" అంటాడు మా ఆయన. ఆ జూన్‌లో మా మెట్లెక్కి వచ్చిన రమణయ్యను చూడగానే నాలో ఆ పోలీసు లేచి కూర్చుంది.

మల్లెపువ్వులాంటి చొక్కా, చేతిలో మామిడిపండ్ల సంచి, ముఖమంతా నవ్వు. ముత్తుకూరులో విదేశీ ఉద్యోగాల కన్సల్టెన్సీ నడుపుతున్నానన్నాడు. వెనకాల ఒకమ్మాయి నిలబడి ఉంది. పేరు దేవకి. మైపాడు దగ్గర పాలెం, తండ్రి పోలయ్య పడవ మీద వేటకు వెళతాడు.

"మన పిల్లే మేడమ్, నాకు వరసకు మేనకోడలు" అన్నాడు రమణయ్య. "బీకాం ఫస్టు క్లాసు. ఇంగ్లీషు బాగానే వచ్చు గానీ, ఇంకా పైకి తీసకపోవాల. ఫీజు నేనే కడతా."

"ఏం ఉద్యోగం?"

"కస్టమర్ రిలేషన్స్. దూరమేం కాదు, ఇదో ఈ సముద్రానికి అవతలే."

"అయితే బిజినెస్ ఇంగ్లీషు కావాలా?"

"అది వద్దు మేడమ్. మనసుకు తగిలే మాటలు చెప్పండి. ఒంటరితనం, ఓదార్పు, నమ్మకం, అట్టాంటియ్యి. ఆడ కస్టమర్లు పెద్ద వయసోళ్ళు. నైసుగా మాట్లాడాల."

పరీక్షల కోసం మాటలు అడిగినవాళ్ళను చూశాను, ప్రమోషన్ల కోసం అడిగినవాళ్ళను చూశాను, తోడికోడలు ముందు తలెత్తుకోవడానికి అడిగినవాళ్ళను కూడా చూశాను. ఓదార్పును టోకున కొనడానికి వచ్చినవాడు మాత్రం ఇతనే మొదటివాడు. మామిడిపండ్లు మంచివే. మా ఆయనే తిన్నాడు.

దేవకి చురుకైన పిల్ల. మైపాడు బస్సు దిగి చెమటలు కక్కుకుంటూ వచ్చి, అందరికంటే ముందు బెంచీ మీద కూర్చునేది. లోన్లీ అనే మాట అందరికీ తెలుసు, దానికి పక్కన నిలబడే సాలిట్యూడ్, ఐసొలేషన్, ఫర్లోర్న్ ఎక్కడెక్కడ నప్పుతాయో ఆమె ఒకసారి వింటే పట్టేసేది. సోలేస్ అంటే ఉపశమనం, ఊరట. ఆ మాటతో ఒక వాక్యం కట్టమన్నాను. "మీ దుఃఖానికి నేనొక రేవునవుతాను, అక్కడ మీకు ఊరట దొరుకుతుంది" అని ఇంగ్లీషులో చెప్పింది. ఇన్నేళ్ళలో ఒక విద్యార్థి నోట అలాంటి వాక్యం నేను వినలేదు. ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టాను.

వెంటనే నా పద్ధతి ప్రకారం అడిగాను. "ఎవరితో అంటావు?"

"మా అవ్వతో అంటాను మేడమ్. మా తాత పోయినాక ఒక్కతే కూచోని ఉంటాది."

"అది సరే. మీ కంపెనీ కస్టమర్‌తో ఎప్పుడంటావు?"

ఆమె ఆలోచించింది. నోటుబుక్కు తిరగేసింది.

"ఆ కంపెనీ ఏం అమ్ముతుంది?"

"చెప్పలా మేడమ్."

"అపాయింట్‌మెంట్ ఆర్డరు?"

"ఆడికి పోయినాక ఇస్తారంట. పాస్‌పోర్టు మామ కాడ ఉండాది."

సరుకు తెలియని కంపెనీ, కాగితం లేని ఉద్యోగం, మామ చేతిలో పాస్‌పోర్టు. నా అనుమానానికి ఇంతకంటే మేత ఏం కావాలి? క్లాసయ్యాక ఆమెను ఆపి, ఇలాంటి ఉద్యోగాల పేరుతో పిల్లల్ని విదేశాలకు తీసుకెళ్ళి ఆన్‌లైన్ మోసాల పనిలో పెట్టి తిరిగి రానివ్వడం లేదని పేపర్లలో వస్తోంది కదా అన్నాను. ఆమె ముఖం ఎర్రబడింది.

"మా నాయనకు చూపు మందగిస్తా ఉండాది మేడమ్. వల కన్ను కనపడక చేత్తో తడుముకుంటాడు. అయినా వేటకు పోతానే ఉండాడు. నాకు జీతమొస్తే ఆయన్ని ఇంట్లో కూచోబెడతా. రెండేండ్లుగా నెల్లూరంతా తిరిగినా, ఒక్కరన్నా ఉద్యోగం ఇచ్చినారా? ఇచ్చేవోడు మామొక్కడే. మీకేమో ఆయనా దొంగే." కాస్త ఆగి అంది, "నేను పోతే మీ కాడ చదువుకునేదానికి ఒకరు తగ్గుతారని భయమా?"

నన్ను అనుమానించినవాళ్ళు తక్కువ. ఆ రుచి ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. చురుక్కుమంది.

రమణయ్యకు ఫోన్ చేశాను. "మేడమ్, మీకెవరో గిట్టనోళ్ళు నా మీద చెప్పినట్టుండారు" అంటూ నవ్వాడు. కంపెనీ ఏం అమ్ముతుందంటే "సర్వీసు" అన్నాడు. ఏ సర్వీసంటే "రిలేషన్‌షిప్పు" అన్నాడు. పాస్‌పోర్టు ఎందుకు నీ దగ్గరంటే "పిల్ల పారేసుకుంటాదని" అన్నాడు. దేనికీ తడబడలేదు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటాడంటారు గానీ, ఈ దొంగ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పోలయ్యకు చేస్తే, "రమణయ్య మావోడే మేడమ్, ఆయన మీద మాట చెప్పబాకండి" అని ఫోన్ పెట్టేశాడు. మరుసటి రోజు నుంచి దేవకి రావడం మానేసింది. నా చేతిలో రుజువు లేదు. అనుమానం ఒక్కటే ఉంది, దాన్ని పట్టుకుని ఎవరి గడప తొక్కగలను?

కొన్ని వారాల తర్వాత ఒక మధ్యాహ్నం, క్లాసు లేని వేళ మెట్ల మీద అడుగుల చప్పుడు. దేవకి. కళ్ళు వాచి ఉన్నాయి. చేతిలో కొత్త ఫోను.

"మామ ఇచ్చినాడు. ఈడ నుంచే ట్రైనింగ్ అన్నాడు" అంటూ బల్ల మీద పెట్టింది.

ఫోనులో ఒక చాటింగ్ అకౌంటు. పేరు లిలియన్. ఎవరో తెల్లటి అమ్మాయి ఫొటో. లిలియన్ పేరుతో దేవకి రోజూ ఒక పెద్దాయనకు రాస్తోంది. ఆయన ఎక్కడో విదేశంలో ఉంటాడు, భార్య పోయింది, కూతురు వేరే ఊళ్ళో. అవతలివాడు నిజం మనిషి కాదని, ట్రైనర్ అలా నటిస్తుంటాడని, ఎంత బాగా రాస్తే అంత మంచి జీతమని రమణయ్య చెప్పాడట. నేను పైకి జరుపుతూ చదివాను. ఎంత చక్కటి ఇంగ్లీషు! ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. మధ్యలో నేను చప్పట్లు కొట్టిన రేవు వాక్యం కూడా ఉంది.

"ఇది వినండి మేడమ్" అని ఒక వాయిస్ మెసేజ్ నొక్కింది.

ముసలి గొంతు. ఆ రోజు తన భార్య పుట్టినరోజనీ, సమాధి దగ్గరికి వెళ్ళొచ్చాననీ, ఇంటికొచ్చి ఎవరితో చెప్పుకోవాలో తెలియక లిలియన్‌కు చెబుతున్నాననీ అంటున్నాడు. చివర్లో మాట రాలేదు. ఏడుపే ఉంది.

"ట్రైనింగ్ ఇచ్చేవాళ్ళు ఇట్టా ఏడస్తారా మేడమ్? మా అవ్వ కూడా ఇట్నే ఏడస్తాది, గొంతు లోపల్నే." దేవకి ఫోను బోర్లా పెట్టింది. "రేపట్నించి ఏదో పెట్టుబడి గురించి ఆయనకు చెప్పమన్నారు. ఏం చెప్పాలో వాళ్ళే పంపిస్తారంట."

ఇంక అనుమానించడానికి ఏమీ మిగల్లేదు. నా అనుమానం నిజమైనందుకు ఆ రోజు నాకు ఏ మాత్రం గర్వం కలగలేదు, ఏడుపొచ్చింది.

ఫోను పారెయ్యమన్నాను. దేవకి వద్దంది. "నేను పారేస్తే ఇంకొకరు లిలియన్ అవతారు. అకౌంటు వాళ్ళ కాడ కూడా తెరిచే ఉంటాది, అంతా చూస్తా ఉంటారు. ఆయనకు ముందు నిజం చెప్పాల."

"చెబితే ఈ ఉద్యోగం పోతుంది. పాస్‌పోర్టు మీ మామ చేతిలో ఉంది."

"పోనీ మేడమ్."

తండ్రిని ఇంట్లో కూర్చోబెట్టాలన్న ఆశనంతా ఆ ఒక్క మాటతో వదులుకుంది.

నేను అలవాటుకొద్దీ మర్యాదగా, మెత్తగా ఎలా మొదలుపెట్టాలో చెప్పబోయాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఆ మాటలు వద్దు మేడమ్. ఆ మాటల్తోనే గదా ఆయన ఈడిదాకా వచ్చినాడు." వాళ్ళు చూసేలోపు పంపాలని గబగబా, ఆరో తరగతి పిల్ల రాసే ఇంగ్లీషులో టైపు చేసింది. నా పేరు లిలియన్ కాదు. ఆ ఫొటో నాది కాదు. నేను రాసినవన్నీ అబద్ధాలు. ఈ ఫోనులో ఎవరడిగినా డబ్బు పంపకండి, నేనడిగినా పంపకండి. మీ కూతురితో మాట్లాడండి. నన్ను క్షమించండి.

ఇద్దరం తెర వంకే చూశాం. ఆయన చదివాడు. టైపు చేస్తున్నట్టు కనబడింది, ఆగింది, మళ్ళీ కనబడింది. జవాబు వచ్చింది.

"ఎవరు నువ్వు? లిలియన్ ఇలా రాయదు. ఆమె ఫోను నీ చేతికి ఎలా వచ్చింది? ఆమెకేం కాలేదు కదా?"

మా వృత్తిలో రిజిస్టర్ అని ఇంకో మాట ఉంది. మనిషిని బట్టి, సందర్భాన్ని బట్టి భాష మట్టం మారడం. పై మట్టంలో రాసినంతకాలం ఆయన లిలియన్‌ను నమ్మాడు. కింది మట్టానికి దిగి నిజం రాసేసరికి, ఇదెవరో దొంగ అనుకున్నాడు. దేవకి "నేనే, నేనే" అని కొడుతూండగానే తెర తెల్లగా అయిపోయింది. అకౌంటు మూసేశారు.

ఆ సాయంత్రమే ఆమెతో కలిసి పాలేనికి వెళ్ళాను. పోలయ్య అంతా విని లేచి నేరుగా పాలెం పెద్దల దగ్గరికి వెళ్ళాడు. రమణయ్యదీ ఆ పాలెమే కాబట్టి, వాళ్ళు కబురు పెడితే రాకుండా ఉండలేడు. పెద్దలు వెలి అంటే ఆ పాలెంలో అతనికి మంచినీళ్ళిచ్చే ఇల్లు కూడా ఉండదు. అందరి మధ్యా కూర్చుని పాస్‌పోర్టు ముందు పెట్టాడు. "నాకూ తెలీదు, నన్నూ మోసం చేసినారు" అన్నాడు. అది నిజమో కాదో నాకు ఈ రోజుకీ తెలియదు, నేనైతే నమ్మలేదు. ఫోను పోలీసులకిచ్చి ఫిర్యాదు రాసిచ్చాం. రమణయ్య ఆఫీసుకు తాళం పడింది, మనిషి ఊరు వదిలాడు. ఆ పెద్దాయన సంగతి మాత్రం ఎక్కడా తేలలేదు. మా దగ్గర ఆయన పేరు తప్ప ఏమీ లేదు, అది కూడా అసలుదో కాదో.

అప్పటి నుంచి ఎవరు చేరడానికి వచ్చినా ఏం పని, ఎవరికి చెప్పడానికి ఈ మాటలు అని ముందే అడుగుతున్నాను. కొందరు చిరాకుపడి పక్క వీధి కోచింగుకు పోతారు. పోనివ్వండి. బాగా రాయడం వేరు, నిజం రాయడం వేరు అని నాకు ఇంతకుముందు తెలియదని కాదు. బాగా రాసిన అబద్ధం ముందు మామూలుగా రాసిన నిజం అంత నిస్సహాయంగా నిలబడుతుందని మాత్రం కళ్ళారా చూసింది ఆ రోజే.

దేవకి ఇప్పుడు నెల్లూరులోనే రొయ్యల ఎగుమతి ఆఫీసులో విదేశీ కొనుగోలుదార్లకు మెయిల్స్ రాస్తోంది. జీతం కొంచెమే. పోలయ్య ఇంకా వేటకు వెళుతూనే ఉన్నాడు. మొన్నొక ఆదివారం వచ్చి కూర్చుంది. ఆ మాటా ఈ మాటా అయ్యాక అడిగింది.

"మేడమ్, ఆయన నమ్మింటాడా?"

"తెలీదమ్మా" అన్నాను.

"అబద్ధం రాసినన్ని రోజులూ ఒక్కసారన్నా ఎవరు నువ్వు అని అడగలా మేడమ్" అంది దేవకి. "నిజం రాసినాకే అడిగినాడు. నా పేరు దేవకి అని చెప్పేదానికి టైము లేకపోయింది."