స్ప్రింగు వారి మంజు

కిందటేడు ఏప్రిల్‌లో ఒక శనివారం, పగలు పదకొండుంబావుకి, అమెరికాలో నోవై అనే ఊళ్లో ఒక జపాను మిఠాయి కొట్లో నా మూలంగా ఒక పెళ్లి చెడింది. మొదలు కాకుండానే చెడింది.

నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. ముందు తెలుగు, దాని వెనకాల ఇంగ్లీషు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు, కొత్త చదువరి బోర్డు వదలదు. మా తమ్ముడి కొడుకు శ్రీధర్ కార్‌లో ఆఫీసు ఫోను మాట్లాడుతుంటే, చెర్రీపూల కాలపు మిఠాయిలు చూద్దామని నేనొక్కదాన్నే లోపలికి పోయాను. వాడికి ముప్పై ఆరు. వచ్చిన సంబంధమల్లా వీడియో కాల్‌లోనే జారిపోయేది, నూనె చేత్తో పట్టుకున్న గిన్నెలాగా. వాడి పెళ్లి చూస్తే గానీ ఇండియాకి కదలనని మొండికేసి కూర్చున్నదాన్ని నేను.

అద్దాల బల్ల వెనక ఓ పిల్ల. తలకు టోపీ, మూతికి మాస్కు, కళ్లు తప్ప ఏమీ కనబడవు. ఎదురుగా ఒక చీటీ. కూడబలుక్కుని చదివాను: స్ప్రింగ్ మంజు. మన లెక్కలో ముందొచ్చేది ఇంటిపేరేగా. గుర్రం వారూ పిల్లి వారూ ఉండగా లేనిది, స్ప్రింగు వారుంటే ఏం?

"మంజూ?" అన్నాను చీటీ చూపించి.

"యెస్, మంజు. హౌ మెనీ?"

మా ఇంట్లో పెళ్లి కావలసిన మగపిల్లలు ఎంతమందని అడుగుతోందనుకుని, కారు కేసి ఒక వేలు చూపించి "ఒక్కడే" అన్నాను. ఆ పిల్ల తెలుగు మాట్లాడలేదు కదా అని మీరడగొచ్చు. ఇక్కడ పుట్టిన మన పిల్లలకు తెలుగు చెవికెక్కుతుంది, నోటికి దిగదు.

"సింగిల్?" అంది.

"సింగిలే తల్లీ. సిగరెట్టు కూడా ముట్టడు."

"వెరీ సాఫ్ట్. వెరీ స్వీట్." తన గుణం తానే చెప్పుకోవడం నాకు నచ్చలేదు. పెళ్లయ్యాక సర్దుకుంటుందిలే అనుకున్నాను. అంతలో, "టుడే లాస్ట్ డే" అంది.

అంటే రేపటినుంచి ఈ పిల్ల ఇక్కడ దొరకదు. పరిగెత్తాను. మంజు అనే బంగారం లాంటి పిల్ల ఉందని చెప్పి, వాడి ఫోను కట్టేయించి, దువ్వెన చేతికిచ్చాను. వాడు తల దువ్వుకుని, చొక్కా సర్దుకుని వచ్చి నిలబడ్డాడు. ఆ పిల్ల రెండు చేతులతో చిన్న పెట్టె అందించింది.

"యువర్ మంజు, సర్."

లోపల పువ్వు ముద్ర వేసిన గులాబీరంగు ఉండ ఒకటి. శ్రీధర్ చీటీ చూశాడు, నన్ను చూశాడు.

"అత్తా, మంజు అంటే ఇదే. లోపల పూర్ణం పెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు." అని నోట్లో వేసుకున్నాడు. "పిల్ల బావుందత్తా."

పెళ్లిచూపుల్లో స్వీటు తిని పిల్లను వద్దనేవాళ్లను చూశాను. మావాడు పిల్లనే తినేశాడు.

ఆనాడే ఒట్టేసుకున్నాను. ఇకమీదట ఏ పిల్ల పేరు చదివినా, ఆవిరి మీద ఉడికించినదా కాదా తేల్చుకున్నాకే సంబంధం మాట ఎత్తుతాను.

ఆ రోజు అక్కడున్నది నేను, శ్రీధర్, అసలు పేరేమిటో అడగడానికి నాకు మొహం చెల్లని ఆ కొట్టు పిల్ల. మంజు కూడా ఉంది, కాసేపు.