పెద్దాయన నియమం, నా పొట్ట

ఆ రోజుల్లో నా దృష్టిలో విలేకరి అంటే, ఎంతటివాళ్లనైనా ఒక్క ప్రశ్నతో నీళ్లు నమిలించే మనిషి. (ఇప్పుడు నేను ప్రశ్న అడిగితే, ముందు మైకు సరిగ్గా పట్టుకోమ్మా అంటున్నారు, అది వేరే సంగతి.) విజయవాడలో ఒక చిన్న న్యూస్ ఛానెల్లో ట్రైనీగా చేరి పది నెలలైంది. మా ఎడిటర్ గారిని చాటుగా ‘బ్రేకింగ్ గారు’ అనేవాళ్లం. కాలవకు నీళ్లొదిలినా, ఆఫీసు లిఫ్టు ఆగినా ఆయనకు బ్రేకింగ్ న్యూసే. మంగళగిరిలో మా నాన్నకు బట్టల కొట్టు. “దసరాకి పర్మనెంటు చెయ్యకపోతే వచ్చి కొట్లో కూర్చో” అని తేల్చేశాడు. నేను మడతపెట్టిన కొత్త చీరను చూస్తే ఎవరైనా ఎవరో కట్టి విడిచిందనుకుంటారు. అందుకని ఆ ఉద్యోగం నాకు ప్రాణం.

అప్పుడొచ్చాడు, మన ఎన్నికల గురించి రాయడానికి, అమెరికా నుంచి ఒక పొలిటికల్ జర్నలిస్టు. నలభై ఏళ్ల అనుభవం. ఆయన గురించి నెట్లో ఉన్నదంతా చదివేశాను. ఏదో చిన్న ఊరి పేపర్లో చావు కబుర్లు రాయడంతో మొదలుపెట్టి, అధ్యక్షులతో విమానాల్లో తిరిగి, ఒకే ఒక్క ప్రశ్నతో ఓ సెనేటర్ చేత రాజీనామా చేయించాడట. “ఆయనతో తిరిగి తెలుగు ఇంగ్లీషు చేసిపెట్టు. సాయంత్రం మనకో అరగంట ఇంటర్వ్యూ పట్రా. తెచ్చావా, పర్మనెంటు” అన్నారు బ్రేకింగ్ గారు.

కారెక్కగానే పెద్దాయన తన నియమం చెప్పాడు. వార్త కోసం వెళ్లిన ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టడట. అధ్యక్షుడి ఇంట్లో కూడా కాఫీ తాగలేదట. నాకు భక్తితో కళ్లు చెమర్చాయి. (ఆ భక్తి చల్లపల్లిలో మొదటి ఇంటి దాకా నిలిచింది.) అక్కడి రైతుగారు కాఫీ గ్లాసు వెనక్కి రావడం చూసి చేతులు కట్టుకున్నారు. “మా ఇంట్లో కాఫీయే పనికిరానప్పుడు మా మాటలతో ఆయనకేం పనండీ?” అన్నారు. నేను గబగబా రెండు గ్లాసులూ తాగేశాను. అప్పుడు రైతుగారు నోరు విప్పారు. ఇక అదే పద్ధతైపోయింది. రెండో ఇంట్లో ఇద్దరి గారెలు, మూడో ఇంట్లో ఇద్దరి పులిహోర, ఆపైన మజ్జిగ. పెద్దాయన అడుగుతాడు, వాళ్లు నాకు వడ్డిస్తూ ఆయనకు చెబుతారు, నేను నమలడం ఆపి ఇంగ్లీషులోకి మార్చాలి. ఒకాయన సాగునీటి కష్టాలు పది నిమిషాలు చెప్పాడు. నోట్లో సున్నుండ ఉంది. “వాటర్ ప్రాబ్లం” అని ముగించాను.

మధ్యాహ్నం మంగళగిరి చేరాం. మా కొట్టుకు చీరలు నేసిచ్చే వాళ్లిల్లు. రాట్నం దగ్గర నూలు చుడుతున్న మామ్మగారి ముందు నా పద్ధతి సాగలేదు. “నువ్వు తింటావులేమ్మా, నాకు తెలుసు. ఆయన తినాలి” అంది. నియమం సంగతి, ప్రెసిడెంటు గారింటి కాఫీతో సహా చెప్పాను. ఆవిడ రాట్నం ఆపింది.

“ప్రెసిడెంటు గారు ఓట్లడిగే మనిషి. ఆయన దగ్గర తినకపోడం మంచిదే. నేను ఓటేసే మనిషిని. నా దగ్గర తింటే ఈయనకేం పోద్ది?”

అదే మాట ఇంగ్లీషులో చెప్పాను. పెద్దాయన పెన్ను మూసి జేబులో పెట్టుకుని, కింద కూర్చున్నాడు. గోంగూర కలిపిన అన్నం తిని, ముక్కు తుడుచుకుని, మళ్లీ కొంచెం పెట్టించుకున్నాడు. చెయ్యి కడుక్కుని, ఓటెవరికేస్తారని అడిగాడు.

“అన్నం పెట్టాను కదా అని అదీ చెప్పేస్తానా నాయనా?” అంది మామ్మగారు.

సాయంత్రం విజయవాడ హోటల్ గదిలో ఇంటర్వ్యూ. కెమెరామన్ బాబాయ్ లైట్లు పెట్టాడు. నా దగ్గర తొమ్మిది ప్రశ్నలున్నాయి, సెనేటర్ సంగతితో కలిపి. పెద్దాయన చొక్కాకి మైకు తగిలించి, కుర్చీలో కూర్చుని నోరు తెరిచానో లేదో, చల్లపల్లి నుంచి మంగళగిరి దాకా తిన్నదంతా ఒక్కసారిగా తిరగబడింది. బాత్రూంలోకి పరిగెత్తాను. అరగంట తర్వాత తూలుతూ వచ్చేసరికి బాబాయ్ స్టాండు మడుస్తున్నాడు. “అయిపోయిందమ్మా. నువ్వొస్తావేమోనని నేను కెమెరా ఆపలేదు, ఆయన మాటా ఆపలేదు” అన్నాడు. పెద్దాయన నాకు చెయ్యిచ్చి, ఇంత ఓపిగ్గా మాట్లాడనిచ్చిన విలేకరిని తన జన్మలో చూడలేదని చెప్పి విమానానికి వెళ్లిపోయాడు.

మర్నాడు కింద తెలుగు అక్షరాలు వేసి ప్రసారం చేశాం. బ్రేకింగ్ గారు అందరినీ పిలిచి, “ఒక్క ప్రశ్న అడ్డం వెయ్యలేదు చూశారా. ఈ నిగ్రహం మన సీనియర్లలో ఎవరికుంది?” అన్నారు. ఆ వారమే పర్మనెంటు ఆర్డరిచ్చారు. నేను తలొంచుకుని నిలబడితే, వినయం అనుకున్నారు.

ఆ రికార్డింగు ఇప్పటికీ అప్పుడప్పుడూ చూస్తుంటాను. మధ్యలో పెద్దాయన మాట ఆపి, కళ్లద్దాలు తీసి, “నలభై ఏళ్లు ఎవరింట్లోనూ ఏమీ ముట్టలేదు. ఇవాళ ఆ ముసలావిడ పెట్టింది తిన్నాక, అన్ని ఇళ్లలోనూ నాకు ఎంత ఆకలేసిందో గుర్తొచ్చింది” అంటాడు. అని, చాలాసేపు ఎదుటి కుర్చీ వైపు చూస్తాడు. ఎంత పచ్చి ట్రైనీ అయినా అక్కడ ఒక ప్రశ్న అడుగుతుంది. ఆ కుర్చీలో నేను లేను. బాత్రూంలో ఉన్న అప్పటి ఆ పిల్లను తలుచుకుంటే నాకు నవ్వాగదు; కానీ ఆయన అలా చూస్తున్నంతసేపూ, ఇప్పుడైనా వెళ్లి అందులో కూర్చోవాలనిపిస్తుంది.