రాజుగారి గుడికి పట్టుకెళ్ళిన వెండి కళ్ళు

మా అమ్మాయికి నాలుగో ఏట అమ్మవారు పోసింది. ప్రాణం దక్కింది, చూపు దక్కలేదు. ఆసుపత్రి డాక్టరు రెప్పలెత్తి చూసి, ఇక రాదని చెప్పేశాడు. నేను నమ్మాను. నా భార్య నమ్మలేదు. ఆ ఒక్క తేడాతోనే మేం రంగూన్‌లో ఆరేళ్ళు కాపురం చేశాం.

అది పంతొమ్మిదివందల ఇరవైల నాటి మాట. బియ్యం బస్తాలతో యూరప్ వెళ్ళే ఓడలో నేను వంటవాణ్ణి. ఒకసారి తిరిగొచ్చాక, కోపెన్‌హాగన్‌లో కోటను ఆనుకుని గుండ్రటి గోపురమున్న చర్చి చూశాననీ, అందులో రాజే ప్రార్థన చేస్తాడనీ ఇంట్లో వాగాను. నా నోటికి తాళం ఉండదు. అప్పటికే నా భార్య మా కూలీ లైన్ల అమ్మవారికి కోడినిచ్చింది, పడవెక్కి నది అవతల దలాలో ఉన్న సాధువు దగ్గరికి వెళ్ళొచ్చింది, పగోడాలో దీపాలు పెట్టింది.

"రాజే దండమెట్టే దేముడంటే సిన్న దేముడా?" అంది.

"ఆ రాజు మనల్ని ఏలీ రాజు కాదే."

"ఏ రాజైతే ఏటి? మొక్కీసినాను. నువ్వెళ్ళి ఇచ్చీ."

మొక్కు వెండి కళ్ళు. మా వైపు కళ్ళకు జబ్బు చేస్తే దేవుడికి వెండి రేకుతో కళ్ళు చేయించి ఇస్తారు. ఆవిడ తన కాలి కడియం కరిగించి కంసాలిచేత చేయించింది. పిల్ల వాటిని చాలాసేపు తడిమింది. కుడి కన్ను చివర కంసాలి చెయ్యి జారి చిన్న గీటు పడింది. మా ఇద్దరికీ అది కనబడనే లేదు. పిల్ల వేలికే తగిలింది.

ఓడ ఆ రేవు చేరేసరికి చలికాలం. చర్చి గుమ్మంలో అలవాటుగా బూట్లు విప్పేశాను. లోపల రాతినేల పాదాలు కొరికేసింది. తెల్లటి స్తంభాలు, వరసగా బెంచీలు, నరమానవుడు లేడు. విగ్రహం కోసం వెతికాను. ఎటు చూసినా తెల్లగోడలే. చివరికి ఒక పక్క, పైన, బంగారు కిరీటం బొమ్మ కింద ఎర్రతెర వేసిన గదిలాంటిది కనబడింది. మన గుళ్ళో తెర ఎప్పుడు వేస్తారు? స్వామికి నైవేద్యం పెట్టేటప్పుడు. సరే, తెర తీశాకే దర్శనం అనుకుని, వెండి కళ్ళు దోసిట్లో పట్టుకుని నిలబడ్డాను.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. కాళ్ళు మొద్దుబారాయి. కానీ ఆ కాసేపూ డాక్టరు మాట నేను నమ్మలేదు. తెర తీస్తారు, చూపు వస్తుంది అనుకున్నాను. ఆరేళ్ళలో నాకు ఆశ పుట్టడం అదే మొదటిసారి.

తాళాలగుత్తితో ఒక ముసలాయన వచ్చాడు. తెర ఎప్పుడు తీస్తారని ఓడ ఇంగ్లీషులో అడిగాను. ఆయన ఇంగ్లీషూ నాపాటిదే.

"అది రాజు కూర్చునే చోటు. రాజు వచ్చినప్పుడు తీస్తాం. లోపల కుర్చీ తప్ప ఏమీ లేదు," అన్నాడు.

భుజం పట్టుకుని మెల్లగా ఇటు తిప్పాడు. వాళ్ళు మొక్కేది ఇటువైపుట. ఇంతసేపూ దేవుడికి వీపు పెట్టి ఖాళీ కుర్చీకి మొక్కాను. వెండి కళ్ళు ఇవ్వబోతే, ఇక్కడ ఇలాంటివి తీసుకోరని చెప్పి నా గుప్పిట తనే మూశాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఈయన్ని తిట్టుకోవడానికి కూడా లేదు, మంచివాడు. నా బూట్లు తనే తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది.

తిరుగు ప్రయాణంలో వాటిని సముద్రంలో పారేద్దామని రెండుసార్లు ఓడ అంచుకు వెళ్ళాను. చెయ్యి రాలేదు.

"ఇచ్చీసినావా?" అంది నా భార్య, నేను గడప దాటకముందే.

"ఇచ్చీసినాను."

"దేముడెలాగున్నాడు?"

"తెరేసున్నారు. నైవేద్యం ఏళ."

"అయితే ఇనుంటాడు," అని నవ్వుమొహంతో వంటింట్లోకి వెళ్ళింది.

నేనొస్తే మిఠాయి కోసం కోటు జేబులు వెతకడం పిల్లకు అలవాటు. వెతుకుతూ వెతుకుతూ చెయ్యి ఆగిపోయింది. గీటు మీద వేలు రెండుసార్లు కదిలింది.

"అయ్యా," అంది గొంతు తగ్గించి, "అమ్మకి సెప్పకు. నాకు సూపు రాదని అమ్మకొక్కద్దానికే తెల్దు."

కళ్ళు మళ్ళీ జేబులో పెట్టి గుండీ పెట్టింది. ఆ మర్నాటి నుంచి, తను చనిపోయేదాకా, నా భార్య ప్రతి ఉదయం పిల్ల మొహం ముందు చెయ్యి ఆడించి చూసేది. పిల్ల కదలకుండా కూర్చునేది.