ఉప్పల్ నుంచి బేగంపేట దాకా ఎడమ చుట్టు

ఎయిర్‌పోర్టు ఇంకా బేగంపేటలోనే ఉన్న రోజులవి. మా మనవరాలు స్వప్న విమానం నడపడం నేర్చుకుంటోంది. ఆ సోమవారం దానికి పరీక్ష. గట్టెక్కకపోతే ఉద్యోగానికి వచ్చిన పిలుపు పోయినట్టే. ఒక్కదాన్నే పంపడం ఇష్టం లేక పొద్దున ఏడింటికి నేనూ ఉప్పల్‌లో సిటీ బస్సెక్కాను. బస్సు ఉండగా ఆటో దండగ.

పరీక్ష సంగతి కాస్త చెప్పాలి. దిగడానికి దారి ఖాళీ లేకపోతే విమానం ఆకాశంలో ఆగలేదు కదా, ఒక గుర్తు దగ్గర కోలగా చుట్లు తిరుగుతూ ఉండాలి. మబ్బుల్లో బయట ఏమీ కనిపించదు. ఎదురుగా ఉన్న మీటర్లలో ముళ్లు చూసుకుంటూ తిరగాలి. ఏ దిక్కు నుంచి వచ్చామన్నదాన్ని బట్టి చుట్టులో చేరే తీరు మారుతుంది. మా డాబా మీద తులసికోట చుట్టూ ముగ్గుపిండితో ఆ చుట్టు గీసి రోజూ దాన్ని నడిపించాను. అదీ కుడివైపే. తులసమ్మ చుట్టూ ఎడమకు తిరగనిస్తానా?

నాచారంలో బస్సు టైరు పంక్చరైంది. "అర్ధగంట పడ్తది, దిగుండ్రి" అన్నాడు కండక్టరు. అప్పుడే స్వప్నకు స్నేహితురాలి ఫోను వచ్చింది. మాట్లాడాక దాని మొహం పాలిపోయింది.

"నానమ్మా, నిన్న అందరికి ఎడమ చుట్టే ఇచ్చిన్రట. కాగితం మీదైతే వస్తది గానీ, కూసున్నంక చెయ్యి కుడికే పోతది. అంతా నీ తులసమ్మ దయ!"

"నోరు ముయ్. జాగ ఉన్నది, టైమున్నది. నడువు."

గోదాము ముందు ఖాళీ జాగాలో ఇటుక ముక్కతో చుట్టు గీశాను. గీత మీద ఒక కొసన గులకరాయి పెట్టాను, అది గుర్తు. చేతిలో బరువెందుకని నడుమ టిఫిను డబ్బా దించాను. జనం మూగారు.

"ఏంది పెద్దమ్మా, పోరికి దిష్టి తీస్తున్నవా?" అన్నాడొకాయన.

పూలబుట్టతో నిలబడ్డ ఒకామె, "ఎడమకు తిరగమంటున్నవ్, అరిష్టం గాదా?" అంది.

"నడుమల దేవుడు లేడు, పులిహోర ఉన్నది. జర జరుగు" అన్నాను.

"లాలాపేట దిక్కు నుంచి రా" అంటే అటు నుంచి, "చెంగిచెర్ల దిక్కు నుంచి" అంటే ఇటు నుంచి వచ్చి, రాయి దాటి చుట్టులో చేరాలి. మొదట్లో కుడికే తిరిగింది. తిరిగినప్పుడల్లా అరిచాను. నాతోపాటు జనమూ అందుకున్నారు, "ఎడమకే అక్కా, ఎడమకే!" అని. డ్రైవరు హారన్ కొట్టేసరికి దాని అడుగు తడబడడం మానింది.

సికింద్రాబాద్‌లో బస్సు మారి పదిన్నరకు బేగంపేట చేరాం. మీరెవరైనా వెళ్తే గంట ముందు బయల్దేరండి. అక్కడ ఉన్నది నిజం విమానం కాదు, దాని ముందు భాగంలా కట్టిన గది. స్వప్న లోపలికెళ్లింది. నన్ను బయట ఒక తెర ముందు కూర్చోబెట్టారు. లోపల అది నడిపే దారి తెర మీద గీతగా పడుతుంది.

ఎడమ చుట్టే ఇచ్చారు. గీత గుర్తు దాటి ఏటవాలుగా సాగింది. ఇక తిరగాలి. నేను లేచి నిలబడ్డాను. గీత మెల్లగా ఎడమకు వంగి, నీటిబొట్టు ఆకారం గీసి, మళ్లీ గుర్తు మీదికే వచ్చింది! ఆ తర్వాత చుట్టు మీద చుట్టు, అన్నీ ఎడమకే. "అగో, అగో!" అని కేకేశాను. అక్కడి ఉద్యోగి నా చెయ్యి పట్టి కూర్చోబెట్టాల్సి వచ్చింది.

పరీక్ష పెట్టినాయన బయటికొచ్చి పాసైందన్నాడు. "ఎడమ చుట్టు ఇంత నున్నగ ఎక్కడ నేర్చినవమ్మా?" అని స్వప్నను అడిగాడు.

"నాచారంల సర్, బస్సు పంక్చరైన కాడ."

తిరుగు ప్రయాణంలో స్వప్న నా భుజం మీద నిద్రపోయింది. బస్సులో ఎవరితోనూ మాట్లాడని దాన్ని, పక్కనామెకు అంతా చెప్పుకొచ్చాను. ఒంట్లో అలుపే లేదు. ఆమె అంతా విని, "ఇంతకీ ఏ బస్సు నడుపుతదట?" అంది. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాను.

ఉప్పల్ వచ్చింది. స్వప్న లేచి, "దిగుదాం నానమ్మా" అంది.

"కూసో. ఇంకా అయిపోలే" అన్నాను. పక్కనామె బోడుప్పల్ దాకా వెళ్తుందట. మా ఇద్దరికీ అక్కడి దాకా టికెట్లు తీసుకున్నాను.