ఆపిన చోటే ఉత్తరం

సన్నీవేల్‌లోని కంప్యూటరు కంపెనీ ఆఫీసులో ఎవరైనా "ప్రోగ్రాం తెరువు" అంటే చాలు, కొత్త యంత్రాన్ని రూపొందిస్తున్న మెరిల్ కళ్ళజోడు తుడుచుకుంటూ "కాగితం తెరువు అనవయ్యా" అని సరిదిద్దేవాడు. కంప్యూటరు తెర మీద మనిషికి తన కాగితాలు తప్ప మరేమీ కనబడకూడదన్నది అతని పట్టు. ఈ యంత్రం జనానికి ఎక్కకపోతే పని ఆపేయిస్తానని మేనేజరు చెప్పిన రోజున, పరీక్షించి చూడటానికి లొరేన్ అనే స్కూలు గుమాస్తాను పిలిపించారు. ఆవిడ సగం ఉత్తరం టైపు చేసి, భోజనానికి లేస్తూ మీట నొక్కి యంత్రం ఆపేసింది. "రాసింది యంత్రంలో దాచకుండానే ఆపేసింది, అంతా పోయినట్టే" అని గొణిగాడు మేనేజరు. లొరేన్ తిరిగొచ్చి మీట నొక్కింది. ఉత్తరం ఆపిన చోటే ఉంది. ఆవిడ తలైనా ఎత్తకుండా తరువాతి మాట కొట్టసాగింది.

"ఆవిడ మెచ్చుకోలేదేమయ్యా?" అన్నాడు మేనేజరు, నిరాశగా.

మెరిల్ కళ్ళజోడు తీశాడు. "మీ బల్ల మీద కాగితం పెట్టిన చోటే ఉందని మీరెప్పుడైనా మెచ్చుకున్నారా?"